37 కిలోలు తగ్గాక ముందు చూసుకోవలసింది జాకెట్లు కాదు, మాత్రలు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశా రాయగడలో టీచరు ఉద్యోగం, వయసు 36, పదిహేను నెలల్లో 104 కిలోల నుంచి 67కి వచ్చారు. ఆపరేషన్ లేదు, ఇంజెక్షన్లు లేవు. తిండి మార్చుకుని, నడిచి తగ్గారు. ఇప్పుడు ఒక్క జాకెట్టు కూడా ఒంటి మీద నిలవడం లేదని, పొట్ట దగ్గర చర్మం వేలాడుతోందని, జుట్టు రాలుతోందని, ఎప్పుడూ చలేస్తోందని, చుట్టాలంతా "ఏటిలా అయిపోనావు" అంటున్నారని, మళ్లీ పెరిగిపోతానేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. చిట్టచివర, అప్పుడే గుర్తొచ్చినట్టు, "కూర్చుని లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, బీపీకీ థైరాయిడ్‌కీ పాత మాత్రలే వాడుతున్నాను" అని ఒక్క వాక్యం చేర్చారు.

నేను ఆ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను.

ముందు నేనెవరో చెప్పాలి కదా. బరంపురంలో ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. తొమ్మిదేళ్ల కిందట నా బరువు 118 కిలోలు. మోకాళ్లు నొప్పి, సుగరు, బీపీ అన్నీ ఉండేవి. రెండేళ్లకి 71కి వచ్చాను. ఇప్పుడు 73కీ 75కీ మధ్య ఉంటున్నాను. కాబట్టి బట్టల సంగతీ తెలుసు, ఒంటి సంగతీ తెలుసు. డాక్టర్ని మాత్రం కాను. మందుల గురించి నేను చెప్పేదంతా నా ఒంటి మీద జరిగింది, నన్ను చూసిన డాక్టర్లు వివరించింది.

అప్పటికి నేను ముప్పై కిలోలు తగ్గాను. మంచి ఊపు మీద ఉన్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లి ఆరు నెలలు దాటింది. ఒంట్లో బాగున్నప్పుడు ఎందుకు వెళ్లడం అనుకున్నాను. ఆ రోజు ఒక పెళ్లి జాకెట్టు కట్ చేస్తున్నాను, మెరూన్ రంగు పట్టు. సుద్ద గీత మీద కత్తెర పెట్టాను. గీత రెండుగా కనిపించింది. కళ్లు నలిపి చూస్తే మూడయింది. చెయ్యి వణుకుతోంది, వీపు మీద చెమట ధారగా కారుతోంది, ఎదురుగా నిలబడ్డ అమ్మాయి ఏదో అంటోంది గానీ మాట అందడం లేదు. నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల అది. కత్తెర నా చేతిలోంచి మెల్లగా తీసేసి స్టూలు మీద కూర్చోబెట్టింది. పక్కింటివాళ్ల సుగరు చూసే మిషన్ తెచ్చి చూస్తే 54. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకి మనిషినయ్యాను.

సుగరు అంకె డెబ్బై కంటే తగ్గితే పడిపోయినట్టు లెక్క. 118 కిలోల మనిషికి రాసిన గ్లిమిపిరైడ్ అనే సుగరు మాత్రని 88 కిలోల మనిషి, సగం అన్నం తింటూ, మింగుతోంది. అంతకంటే ఇంకేమవుతుంది? తప్పు నాదే. మాత్ర కూడా జాకెట్టులాంటిదే, ఒంటి కొలత మారితే అదీ మార్చుకోవాలని నాకు తట్టలేదు.

మీకు సుగరు లేదు కాబట్టి మీ సంగతి వేరు. లేవగానే కళ్లు తిరగడం అంటే ముందు బీపీ మాత్ర మీద అనుమానం రావాలి. బరువు తగ్గితే చాలామందికి బీపీ తనంతట తాను దిగుతుంది. మాత్ర డోసు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఇలా చూడండి. ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఒకసారి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడిపోతే, ఆ కాగితం పట్టుకుని రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీ అంతట మీరు మాత్ర మానెయ్యకండి. కొన్ని రకాలు టక్కున ఆపితే బీపీ ఎగదన్నుతుంది. ఈలోపు మంచం మీంచి దిగేటప్పుడు ఒక నిమిషం అంచున కూర్చుని దిగండి. బాత్రూములో వేడినీళ్లు పోసుకుంటూ దిగ్గున లేవకండి, చాలామంది అక్కడ పడతారు.

థైరాయిడ్ మాత్ర సంగతి ఇంకా కొద్దిమందికే తెలుసు. థైరాక్సిన్ డోసుకీ ఒంటి బరువుకీ సంబంధం ఉంది. 104 కిలోలప్పుడు సరిపోయిన డోసు 67 కిలోల దగ్గర ఎక్కువైపోవచ్చు. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, జుట్టు రాలడం. చూశారా, మీరు జుట్టు గురించి వేరే ప్రశ్నగా అడిగారు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష ఒకటి చేయించుకుంటే రెండు ప్రశ్నలకీ కొంత జవాబు దొరుకుతుంది.

ఆ జుట్టు మాట కూడా ఇక్కడే ముగిస్తాను. వేగంగా బరువు తగ్గిన రెండు మూడు నెలలకి గుప్పెళ్లకొద్దీ రాలడం మామూలే. తిండి తగ్గగానే ఒళ్లు ముందు ఆపేసే ఖర్చు జుట్టే. బరువు నిలకడగా ఉండి, తిండి సరిగా ఉంటే ఆరు నెలల్లో సర్దుకుంటుంది, నాకూ సర్దుకుంది. అలా కాకుండా ఇంకా రాలుతుంటే రక్తంలో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి చూపించుకోండి. ఎవరో చెప్పారని బయోటిన్ మాత్రలు కొనకండి. లోపం లేనివాళ్లకి వాటితో పెద్దగా ఒరిగేదేం లేదు. పైగా బయోటిన్ వాడుతూ థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే రిపోర్టు తప్పు రావచ్చు. ఇప్పటికే వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు ఆ మాట చెప్పండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్తాను. వేగంగా తగ్గినవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ. నూనె వస్తువు తిన్నాక కుడి డొక్క పైభాగంలో నొప్పి వచ్చి, వీపులోకో కుడి భుజంలోకో పాకితే గ్యాస్ అనుకుని ఊరుకోకండి. ఒక స్కానింగ్‌తో తేలిపోతుంది.

ఇక బట్టలు. ఇది నా పని కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

నా దగ్గరికి ఇలా బాగా తగ్గి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముప్పై జాకెట్లు మూటకట్టి తెచ్చి "అన్నీ టైటు చేసెయ్యండి" అంటారు. నేను చెయ్యను. ముందు "బరువు నిలిచిందా?" అని అడుగుతాను. మూడు నెలలుగా రెండు కిలోల లోపు తేడాతో నిలబడి ఉంటేనే మంచి బట్టల మీద చెయ్యి వేస్తాను. పట్టుకి ఒక గుణం ఉంది. నూలు బట్టలో సూది రంధ్రం ఒకసారి ఉతికితే పూడిపోతుంది. పట్టులో అది అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు లోపలికి కుట్టి, ఆరు నెలలకి మళ్లీ విప్పితే ఆ చుక్కల వరస జాకెట్టు మీద చారలా కనిపిస్తుంది. మన బరంపురం పట్టులాంటి గట్టి నేతలో మరీనూ. అందుకే పట్టు జాకెట్లు చివరికి ఉంచుకోండి.

కొలతల సంగతి. ఛాతీ చుట్టుకొలతలో నాలుగు అంగుళాల లోపు తేడా అయితే రెండు పక్కలా కుట్టు వేస్తే చాలు. మీకు 37 కిలోల తేడా, ఛాతీలో ఎనిమిది అంగుళాలైనా తగ్గి ఉంటారు. పక్క కుట్లతో అది తేలదు. లావు తగ్గడమంటే ఛాతీ ఒక్కటే తగ్గడం కాదు. మెడ కింద, భుజం మీద, చంక లోపల, జబ్బ దగ్గర అన్నిచోట్లా తగ్గుతుంది. పక్కలు మాత్రం బిగిస్తే మెడ భుజం మీంచి జారుతుంది, చంక దగ్గర బట్ట ముద్దలా పోగవుతుంది, చెయ్యి ఎత్తితే జాకెట్టంతా పైకి లేస్తుంది. డాట్లు (ఛాతీ దగ్గర వేసే ముడత కుట్లు) కూడా పాత చోటే ఉంటాయి, మీ ఒళ్లు అక్కడ ఉండదు. ఇలాంటి జాకెట్టుని పూర్తిగా కుట్లు విప్పి, ముక్కలు ఇస్త్రీ చేసి, కొత్త కొలతతో మళ్లీ కట్ చెయ్యాలి. పెద్ద జాకెట్టులోంచి చిన్నది తియ్యడానికి గుడ్డ ఎప్పుడూ సరిపోతుంది కాబట్టి అది మీకు కలిసొచ్చే సంగతే. కూలి కొత్త జాకెట్టుకి తీసుకున్నంతా పడుతుంది. ఎందుకంత అని టైలరుతో గొడవ పెట్టుకోకండి, విప్పే పని కుట్టే పనికంటే ఎక్కువ. మీరు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి: పక్కల్లో లోపల ఒకటిన్నర అంగుళం బట్ట వదలమనండి.

లంగాల దగ్గర అందరూ మోసపోతారు. బొందు బిగిస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. పాత లంగా చుట్టు ఎక్కువ, బిగిస్తే నడుం చుట్టూ కుచ్చులు పోగై చీర కింద తాడు చుట్టినట్టు ఉబ్బుతుంది. ఇంకో సంగతి, పొట్ట ఉన్నప్పుడు లంగా ముందు అంచు పైకి లేచి ఉండేది. ఇప్పుడు ఆ పొట్ట లేదు, ముందు అంచు కిందికి దిగి కాళ్లకి అడ్డుపడుతుంది. కుర్తీలకీ ఇంతే, వెనకకంటే ముందు కిందికి వేలాడుతుంది. బడి మెట్లు ఎక్కేటప్పుడు జాగ్రత్త. మూడు లంగాలు ఈ వారమే కొత్తవి కుట్టించుకోండి, అది దుబారా కాదు.

చీరలు ఎక్కడికీ పోవు, వాటికి కొలత లేదు. ఇంతకుముందు నాలుగు కుచ్చిళ్లు వస్తే ఇప్పుడు ఏడో ఎనిమిదో వస్తాయి, అంతే. మెత్తని నూలు, జార్జెట్ అయితే పర్వాలేదు. గంజి పెట్టిన కోటా, గట్టి సంబల్‌పురి అయితే అన్ని కుచ్చిళ్లు ముందు నిలబడి పొట్ట ఉన్నట్టే కనిపిస్తాయి. కొంగు పొడుగు వదిలి కుచ్చిళ్లు తగ్గించండి.

ఈ మధ్యకాలం గడపడానికి, అంటే బరువు నిలిచేదాకా, సాగే గుడ్డ జాకెట్లు రెండు (నలుపు ఒకటి, గోధుమరంగు ఒకటి), వెనక తాళ్లున్న కుర్తీలు మూడు, ఎలాస్టిక్ ప్యాంట్లు రెండు చాలు. లోబట్టలు మాత్రం ఈ రోజే మార్చండి. సైజు తప్పిన బ్రా వల్ల మెడనొప్పి, భుజం మీద చారలు. పైన ఎంత మంచి జాకెట్టు కుట్టినా కుదరదు. కొలత ఇచ్చేటప్పుడు కూడా కొత్త సైజు లోబట్టలతోనే రండి, లేకపోతే నేను తీసిన కొలతంతా వృథా.

చెప్పులు చూశారా? పాదం కూడా చిక్కుతుంది. నాకు ఒక సైజు తగ్గింది. తెలియక పాత చెప్పులతోనే తిరిగి మడమ మెలిపడింది. కళ్లజోడు ముక్కు మీంచి జారుతుంటే షాపులో ఊరికే బిగిస్తారు. గాజులు రెండు–పది నుంచి రెండు–ఆరుకి వచ్చాను నేను. ఉంగరం మాత్రం పోగొట్టుకున్నాను. నిమ్మకాయ ఊరగాయ కలిపి చెయ్యి కడుక్కునేటప్పుడు పెళ్లి ఉంగరం నీళ్లతో పాటు తూములోకి జారిపోయింది. వేలికి దారం చుట్టుకుంటున్నానులే అనుకున్నాను, తడిస్తే దారం జారుతుందని అప్పుడు తెలిసింది. ఈ రోజు మీ ఉంగరం తీసి బీరువాలో పెట్టండి. తగ్గించడానికి ఇచ్చేటప్పుడు మీ ఎదురుగానే తూకం వేయించి, మిగిలిన బంగారం ముక్క అడిగి తెచ్చుకోండి.

మొహం బాగా మారి ఉంటే ఆధార్ ఫోటో మార్పించుకోండి. అది ఆన్‌లైన్‌లో కుదరదు, కేంద్రానికి వెళ్లాలి. రైల్లో టీటీఈ నన్నూ కార్డునీ మార్చి మార్చి చూసిన చూపు నాకింకా గుర్తుంది.

చర్మం గురించి మెత్తగా చెప్పి లాభం లేదు. ఏళ్లకొద్దీ సాగిన చర్మం 37 కిలోలు తగ్గాక పూర్తిగా లోపలికి వెళ్లదు. కొంత వెళ్తుంది, ఏడాది రెండేళ్లు మెల్లగా వెళ్తూనే ఉంటుంది. మీ వయసు 36, నాకప్పుడు 45. నాకంటే మీకు ఎక్కువే సర్దుకోవాలి. ఏ క్రీమూ ఏ నూనే దాన్ని బిగించలేదు, ఆ డబ్బు పెట్టి గుడ్లు కొనుక్కోండి. కింద కండ పెరిగితే చేతుల దగ్గర, తొడల దగ్గర వేలాడటం కొంత నిండుతుంది. మిగిలింది ప్లాస్టిక్ సర్జన్ చేసే ఆపరేషన్‌తోనే పోతుంది. చేయించుకోవాలనిపిస్తే బరువు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నిలిచాకే. ఇన్సూరెన్సు మామూలుగా దాన్ని అందం కోసం చేయించుకునేదానిగానే లెక్కేస్తుంది, ముందే అడిగి తెలుసుకోండి. పిల్లలు కావాలనుకుంటే ఆ తర్వాతే పెట్టుకోమంటారు. ఆ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను, బరువు తగ్గాక నెలసరి సర్దుకుని గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. వద్దనుకునేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

రోజూ ఇబ్బంది పెట్టేది మడతలు. పొట్ట మడత కింద, రొమ్ముల కింద, తొడల మధ్య చెమట పట్టి పాసిపోయి, ఎర్రబడి, దురద. మా బరంపురంలో సముద్రం గాలికి మరీ ఎక్కువ. స్నానం అయ్యాక ఆ మడతల్ని ఎత్తి మెత్తని బట్టతో అద్ది, ఫ్యాను కింద ఒక నిమిషం ఆరనివ్వండి. పాత మల్లు చీర ముక్క, అరచేతి వెడల్పున చింపి, మడత లోపల పెట్టుకుంటే చెమట పీల్చేస్తుంది. నేను ఎండాకాలమంతా అలాగే చేస్తాను, మధ్యాహ్నం ఒకసారి మారుస్తాను. ఎర్రగా గుండ్రంగా మచ్చ లేస్తే మందుల షాపులో ఏదో ఒక ట్యూబు అడిగి రాయకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులు తగ్గినట్టుండి, తర్వాత తామర మొండికేస్తుంది. చర్మం డాక్టరుకి చూపించండి.

చలి నిజమే, మీ భ్రమ కాదు. దుప్పటిలాంటి కొవ్వు పోయింది, ఒళ్లు కాల్చే వేడీ తగ్గింది. రాయగడ కొండల చలికి లోపల ఒక బనియను, కాళ్లకి మేజోళ్లు వేసుకోండి. మరీ ఎక్కువగా ఉంటే రక్తం తక్కువుందేమో చూపించుకోండి. ఆ టీఎస్‌హెచ్ రిపోర్టులో చలికి థైరాయిడ్ కారణమేమో కూడా తెలుస్తుంది. చెక్క కుర్చీలో కూర్చుంటే పిర్రల ఎముకలు గుచ్చుకుంటున్నాయా? బడికి ఒక చిన్న దిండు పట్టుకెళ్లండి, ఎవరేమనుకుంటే ఏం.

ఇక మనుషులు. ఈ విషయంలో మీ బాధ నాకు బాగా తెలుసు.

ఇచ్ఛాపురంలో ఒక పెళ్లికి వెళ్లాను. మా పెద్దమ్మ నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. తర్వాత దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. బొటనవేలితో ఎముకని అటూ ఇటూ తడిమింది. ఏమీ మాట్లాడలేదు. పందిట్లోంచి పక్కకి తీసుకెళ్లి, "నిజం చెప్పు, ఏటి రోగం?" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు. నాకు ముందు ఒళ్లు మండింది. రెండేళ్లు కడుపు మాడ్చుకుని, నడిచి నడిచి తగ్గితే, రోగం అంటుందేమిటని. తర్వాత గుర్తొచ్చింది. ఆవిడ అక్క టీబీతో ఇలాగే చిక్కి చిక్కి పోయింది. ఆ తరంవాళ్లు చూసిన చిక్కడమంటే రోగం, లేకపోతే పస్తు. కావాలని తగ్గిన మనిషిని వాళ్లు చూడలేదు. బరంపురంలో పక్కింటి ఒడియా ఆవిడ "కొణొ హేలా?" (ఏమైంది?) అని గుమ్మంలోనే ఆపినా, మీ చుట్టాలు "ఏటిలా అయిపోనావు" అన్నా, చాలాసార్లు వెనక ఉండేది భయమే. నేను పెద్దమ్మకి నా సుగరు రిపోర్టు ఫోన్‌లో చూపించాను. అంకెలు ఆవిడకి అర్థం కాలేదు గానీ, "డాక్టరు బాగుందన్నాడు, నేనే కావాలని తగ్గాను" అన్నాక చెయ్యి వదిలింది. మీరూ ఒక వాక్యం తయారుగా పెట్టుకోండి: "ఒంట్లో బాగుంది, నేనే తగ్గాను, డాక్టరు చూస్తున్నారు." అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఎంత తగ్గావు, ఏం తిన్నావు అని ఆరా తీసేవాళ్లకి చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే మాట మార్చండి.

ఇంకో రకం బాధ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తగ్గాక అందరూ మంచిగా మాట్లాడతారు. బస్సులో చోటిస్తారు, షాపులో ముందు పలకరిస్తారు. ఆ మంచితనం చూసి ఒకరోజు నాకు ఏడుపొచ్చింది. అంటే ఇన్నాళ్లూ నేను మనిషిని కానా అని. మీకూ అలా అనిపిస్తే అది మీ తప్పు కాదు, మనసు విప్పి చెప్పుకోగలిగిన ఒకరితో చెప్పుకోండి. ఇంట్లో మీ ఆయన సంగతి మీరు రాయలేదు. కొంతమంది మగవాళ్లు సంతోషిస్తారు గానీ లోపల బెంగ పెట్టుకుంటారు. ఆ బెంగని మీరే ముందు అడిగి బయటికి తీస్తే మంచిది.

మన కళ్లు కూడా వెనకే ఉంటాయి. ముప్పై ఏళ్లుగా ఎవరినైనా గుమ్మంలో చూసి ఛాతీ కొలత అంగుళం అటూ ఇటూగా చెప్పగలను. అలాంటిదాన్ని, తగ్గాక నాకోసం మొదటిసారి జాకెట్టు కట్ చేసుకున్నాను, టేపు పెట్టకుండా, అలవాటు మీద. వేసుకుంటే రెండు సైజులు పెద్దది. నా చెయ్యి ఇంకా ఆ పాత మనిషికే కత్తిరిస్తోంది. ఇరుకు సందులో పక్కకి తిరిగి నడవడం, ప్లాస్టిక్ కుర్చీ చూసి విరుగుతుందేమోనని నిలబడే ఉండటం, ఇవి మానడానికి నాకు ఏడాదిపైన పట్టింది. నెలకోసారి టేపుతో ఛాతీ, నడుం, తుంటి కొలిచి గోడ క్యాలెండరు మీద రాసుకోండి. అద్దాన్ని నమ్మలేనప్పుడు ఆ అంకెల్ని నమ్మవచ్చు. అద్దంలో చూసుకుని ఇంకా లావున్నానని తిండి మరీ తగ్గించేస్తుంటే, తిన్నది కక్కాలనిపిస్తుంటే, ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యులకి చూపించండి.

మళ్లీ పెరుగుతానేమోనన్న భయం. భయపడటంలో అర్థం ఉంది. 67 కిలోల ఒంటికి 104 కిలోల ఒంటికంటే తక్కువ తిండి చాలు, అదే దూరం నడిచినా ఇప్పుడు తక్కువ కరుగుతుంది. పైగా ఆకలి పుట్టించే హార్మోన్లు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఎక్కువగానే ఉంటాయి. అంటే మీకు ఆకలి ఎక్కువవుతుంటే అది మీ బుద్ధి బలహీనత కాదు, ఒళ్లు పోయిన సరుకుని వెనక్కి అడుగుతోంది. నేను వారానికి ఒక్కసారి, శనివారం పొద్దున్నే, ఏమీ తినకముందు తూచుకుంటాను. 76 దాటితే ఆ వారమే సర్దుకుంటాను, 80 దాకా ఆగను. మీకు 70 అనుకోండి. పెళ్లి భోజనం చేసి, మన అప్పడాలూ ఆవకాయా తిన్న మర్నాడు కిలోన్నర పెరిగితే కంగారు పడకండి. అది ఉప్పు పట్టుకున్న నీరు, మూడు రోజుల్లో దిగిపోతుంది.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఉన్న మనకి పండగలు రెండింతలు. సంక్రాంతి అరిసెలు మనవే, ఒడియావాళ్ల రొజొ పండక్కి చేసే పోడొ పిఠా మనదే. మార్గశిర లక్ష్మివారాలు అటూ ఉన్నాయి, ఇటూ ఉన్నాయి. రెండేళ్లకోసారి మా ఠాకురాణీ యాత్ర వస్తే నెలపాటు ఇంటినిండా చుట్టాలే. అన్నిటికీ వద్దంటే మనుషులు దూరమవుతారు, అన్నీ తింటే బరువు దగ్గరవుతుంది. నేను పండగ రోజున తింటాను, పండగ మర్నాడు మిగిలింది తినను. డబ్బాల్లో వచ్చిన పిండివంటలు అదే రోజు షాపు అమ్మాయిలకి పంచేస్తాను. వడ్డించేవాళ్లు బలవంతపెడితే కూర, పప్పు మళ్లీ వేయించుకుంటాను. విస్తరి నిండుగా కనిపిస్తుంది, వాళ్ల మనసూ నిండుతుంది.

కండ పోకుండా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. తగ్గిన బరువులో కొంత కండ కూడా పోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. మీ బరువుకి రోజుకి 80 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి (కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు). లెక్క చూడండి. రెండు గుడ్లు 12, గట్టి పప్పు ఒక గిన్నె 8, చేప ముక్కలు వంద గ్రాములు 20, యాభై గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించినవి 10, గ్లాసు పాలు 8, పెద్ద కప్పు పెరుగు 7, మీల్‌మేకర్ గుప్పెడు, అంటే ముప్పై గ్రాములు, 15. సరిగ్గా ఎనభై. చోడి (రాగి) అంబలి మంచిదే, తాగండి, కానీ అదొక్కటే తాగి ప్రొటీన్ అయిపోయిందనుకోకండి. నడక సరిపోదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి తొయ్యడం, రెండు చేతుల్లో రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తడం, వారానికి మూడు రోజులు చాలు మొదట్లో. కళ్లు తిరగడం తగ్గాకే మొదలుపెట్టండి.

పాత బట్టలు ఏం చెయ్యాలని కూడా అడిగారు. మళ్లీ పనికొస్తాయేమోనని బీరువా నిండా దాచకండి, దాస్తే ఒళ్లు వాటికోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది మనసుకి. బాగున్నవి ఆ సైజువాళ్లు ఎవరున్నారో అడిగి, ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వండి. లావుగా ఉన్నవాళ్లకి రెడీమేడ్ మంచి బట్ట దొరకడం ఎంత కష్టమో మనకి తెలుసు కదా. నేను నా కుర్తీలు పదకొండు ఇచ్చాను, పుచ్చుకున్నావిడ ఇప్పటికీ వాటిలోనే గుడికి వస్తుంది.

ఈ రాత్రి బీపీ రెండుసార్లు చూసుకోండి, పడుకుని ఒకటి, నిలబడి ఒకటి. టీఎస్‌హెచ్, ఫెరిటిన్ రిపోర్టులు వచ్చాక డాక్టరు ఏమన్నారో రాయండి. పట్టు జాకెట్ల కొలతలు అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోపు వాటి కుట్లు ఎవరిచేతా విప్పించకండి.